గోదావరి డైనోసార్‌ను చూడబోతున్నారా? మీ హక్కులు, అక్కడి నిబంధనలు

సెలవులొస్తే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి పిల్లల్ని తీసుకొని హైదరాబాద్ పోయేవాళ్లు చార్మినార్, జూపార్కు, బిర్లా మందిరం చూసి వస్తారు. మందిరం మెట్లు దిగాక పక్కనే సైన్స్ మ్యూజియం ఉంటుంది. అందులో డైనోసారియం అనే విభాగంలో కోటసారస్ అస్థిపంజరం నిలబడి ఉంది. గుడికి వచ్చినవాళ్లలో సగం మంది అటు తొంగి చూడరు. చూసినవాళ్లలో చాలామంది అది అమెరికా నుంచో ఆఫ్రికా నుంచో తెచ్చిన బొమ్మ అనుకుంటారు. నిజానికి అది ప్రాణహిత ఒడ్డు జంతువు. మన జిల్లాల నుంచి దాన్ని చూడబోయేవాళ్లకు వచ్చే సందేహాలు ఇవి.

గా డైనోసార్ నిజంగ మన దిక్కుదేనా?

మన దిక్కుదే. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర 1970ల చివరి ఏళ్లలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ) తవ్వకాల్లో దొరికింది. దాదాపు 2,400 చదరపు మీటర్ల మేర 840 ఎముకలు బయటపడ్డాయి. కనీసం పన్నెండు జంతువులవని లెక్క తేలింది. జీఎస్ఐ శాస్త్రవేత్త యాదగిరి 1988లో దీన్ని కొత్త జాతిగా ప్రకటించి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. పేరులోని 'కోట' ప్రాణహిత అవతలి గట్టున, మహారాష్ట్ర సిరోంచ తాలూకాలో ఉన్న పల్లె. ఆ చుట్టుపక్కల రాతిపొరలన్నిటినీ కోట ఫార్మేషన్ అంటారు. రెండో ముక్క యామనపల్లి. అంటే ఏరుకు ఇవతలి ఊరూ అవతలి ఊరూ ఒకే జంతువు పేరులో కలిసి ఉన్నాయి.

దీనికంటే ముందే ఇంకోటి దొరికింది. 1961 ప్రాంతంలో, పోచంపల్లి అనే పల్లె దగ్గర. ఇది చీరల పోచంపల్లి కాదు, ప్రాణహిత లోయలోనిది. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అక్కడ మూడు వందల దాకా ఎముకలు తవ్వి తీశారు. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు, అంటే మనిషెత్తు. 1961 రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సంవత్సరం కాబట్టి 1975లో ఆ జాతికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలో, ఆ సంస్థ మ్యూజియంలోనే ఉంది. లెక్కల సంస్థకు ఎముకలతో ఏం పని అని అడగొచ్చు. ఆ సంస్థను నడిపిన పి.సి. మహలనోబిస్ ఆలోచన అలాంటిది. లండన్ నుంచి పామెలా రాబిన్సన్ అనే శిలాజ శాస్త్రవేత్తను పిలిపించి అక్కడ భూగర్భ శాస్త్ర విభాగం మొదలుపెట్టించారు. గోదావరి లోయలో శిలాజాల వేట ఊపందుకున్నది అప్పుడే.

వేట ఇప్పటికీ ఆగలేదు. 2025లో మలేరిరాప్టర్ కుట్టియై అనే ఇంకో జాతికి పేరు పెట్టారు. మలేరి కూడా పాత ఆదిలాబాద్ ఊరే. ఇది కోటసారస్ కంటే చాలా ముందుది, దాదాపు 22 కోట్ల ఏళ్ల కిందటి మాంసాహారి.

మరి మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల భూముల కింద ఉంటాయా?

దాదాపుగా ఉండవు. మన కింద ఉన్నది పాత రాయి. కరీంనగర్ గ్రానైట్ అంటే దేశదేశాలకు ఎగుమతి అయ్యే సరుకు. అది కరిగిన రాయి చల్లారి గట్టిపడింది, దాని వయసు వందల కోట్ల ఏళ్లలో ఉంటుంది. అందులో ఎముక నిలవదు. అప్పటికి భూమ్మీద ఎముకలున్న జీవి పుట్టనే లేదు. శిలాజం దొరకాలంటే ఏరు తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు పొరలు పొరలుగా పేరుకొని రాయి కావాలి. అలాంటి రాళ్లు మంథని, గోదావరిఖని, మంచిర్యాల దిక్కు మొదలై గోదావరి, ప్రాణహితల వెంట పోతాయి. సింగరేణి బొగ్గు ఉన్నది ఆ పట్టీలోనే. అయితే బొగ్గు డైనోసార్ల కంటే పాతది. బావిలోకి దిగే కార్మికుడు డైనోసార్ల కాలాన్ని దాటి ఇంకా కిందికి పోతున్నట్టు.

కాబట్టి ధర్మపురి దగ్గరో వేములవాడ గుట్ట మీదో గుడ్డు ఆకారంలో నున్నటి రాయి కనిపించిందని ఫోన్లలో తిప్పే వీడియోలు నమ్మకండి. గ్రానైట్ గుండ్లు ఎండకూ వానకూ ఉల్లిపొరల్లా ఊడి గుండ్రంగా కావడం మామూలే.

అక్కడ నిలబెట్టింది అసలు ఎముకలా, సిమెంటు బొమ్మా?

రెండూ ఉన్నాయి. ఆ సంగతి తెలిసి చూస్తేనే అసలు రుచి. దొరికిన ఎముకల్లో ఎక్కువ భాగం జీఎస్ఐ దగ్గరే ఉన్నాయి. కొన్నిటిని కలిపి ఈ అస్థిపంజరం నిలబెట్టారు. ఎముకలు పన్నెండు జంతువులవి కాబట్టి ఇది ఏ ఒక్క జంతువు కళేబరమూ కాదు. ఒకదాని కాలు, ఇంకోదాని వెన్ను అలా జతపడ్డాయి. తలకాయ మాత్రం శాస్త్రవేత్తల ఊహ. తవ్వకాల్లో పుర్రె దొరకలేదు, దొరికింది పళ్లే. పిల్లలు లోపలికి అడుగుపెట్టగానే ముందు తల వైపే చూస్తారు, సెల్ఫీ కూడా అక్కడే దిగుతారు. ఆ శరీరం మొత్తంలో ఊహ ఎక్కువగా ఉన్నది ఆ చోటే.

చూడాల్సింది నడుము. ఈ జాతిని ప్రకటించడానికి యాదగిరి ఆధారం చేసుకున్న మూల నమూనా తుంటి ఎముక, ఇలియం. వెన్నుపూసకు రెండు పక్కలా రెక్కలా విచ్చుకొని, కింద తొడ ఎముక తల కూర్చునే గుంతతో ఉంటుంది. కోరుట్ల వెటర్నరీ కాలేజీ పిల్లలకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎద్దు ఇలియాన్ని చేత పట్టి చదివినవాడు ఈ జంతువు బరువంతా ఎక్కడి నుంచి ఎక్కడికి దిగుతుందో దూరం నుంచే చూపిస్తాడు. నిండుగా పెరిగిన కోటసారస్ సుమారు 9 మీటర్ల పొడవు, రెండున్నర టన్నుల బరువు ఉండేదని అంచనా. పొడవు మెడ, పొడవు తోక, ఆకులు తినే నోరు. తర్వాతి కాలంలో వచ్చిన సారోపాడ్‌లనే భారీ శాకాహారులకు ఇది తొలి చుట్టం లాంటిది.

వయసు ఒక పుస్తకంలో 16 కోట్ల ఏళ్లని, ఇంకోదాంట్లో 18 కోట్లకు పైనని కనిపిస్తుంది. కోట రాతిపొర తొలి జురాసిక్‌దా, మధ్య జురాసిక్‌దా అన్న వాదం ఇంకా తెగలేదు. పిల్లలు అడిగితే "పదహారు నుంచి పద్దెనిమిది కోట్లు" అని చెప్పండి, తప్పు పోదు.

ఏది అసలు ఎముక, ఏది నకలు అని అక్కడి సిబ్బందిని అడగండి, మొహమాటం వద్దు. డబ్బు కట్టి లోపలికి వచ్చినవాళ్లకు ఆ మాత్రం అడిగే హక్కుంది. పెద్ద పెద్ద మ్యూజియాల్లో నకలు భాగాలకు వేరే రంగు వేసి చూపిస్తారు.

పోవుడెట్ల? ఆడోళ్లకు బస్సు ఉచితమేనా?

సిరిసిల్ల నుంచి సుమారు 140 కిలోమీటర్లు, జగిత్యాల నుంచి 200, కోరుట్ల నుంచి ఇంకొంచెం ఎక్కువ. బస్సులు జేబీఎస్‌కు చేరుస్తాయి. అక్కడే మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో లైను మారి, మియాపూర్ వైపు రైల్లో అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే ఆదర్శనగర్ గుట్ట దగ్గరే.

మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు, బాలికలకు, ట్రాన్స్‌జెండర్లకు టికెట్ లేదు. డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని ఎక్కితే మామూలు చార్జీ కట్టాల్సిందే. చిరునామా తెలంగాణదని తెలిపే గుర్తింపు కార్డు చూపాలి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే కండక్టర్ ఒప్పుకోకపోవచ్చు, అసలు కార్డు పెట్టుకోండి. సున్నా టికెట్ తప్పకుండా తీసుకోవాలి. "ఉచితమే కదా" అని తీసుకోకపోతే చెకింగ్‌లో చిక్కొస్తుంది. మెట్రోకు ఈ పథకం వర్తించదు. ఐదేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు బస్సులో సగం టికెట్.

మ్యూజియంలో టికెట్ తీసుకున్నంక డైనోసార్ గది మూసి ఉన్నదంటే?

సొమ్ము తీసుకొని సేవ ఇస్తే మీరు వినియోగదారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రైవేటు ట్రస్టు నడిపే మ్యూజియానికీ వర్తిస్తుంది. ఈ సైన్స్ సెంటర్ ప్రభుత్వానిది కాదు, బిర్లా సంస్థలది. ప్లానెటేరియం 1985లో, సైన్స్ మ్యూజియం 1990లో, డైనోసారియం 2000లో వచ్చాయి. ప్లానెటేరియానికీ మ్యూజియానికీ వేర్వేరు టికెట్లు ఉండొచ్చు. ఏ టికెట్‌లో ఏ గది వస్తుందో కౌంటర్‌లో డబ్బు ఇవ్వకముందే అడగండి. గది మూసి ఉందని ముందే చెప్పకుండా టికెట్ అమ్మితే, డబ్బు వెనక్కి అడగొచ్చు. రసీదు పారేయకండి. ఫిర్యాదుకు అదే ఆధారం.

మాటల్లో తేలకపోతే 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. కేసు దాకా పోవాలనుకుంటే ఈ చట్టం తెచ్చిన పెద్ద వెసులుబాటు ఇది: తప్పు జరిగింది హైదరాబాద్‌లోనైనా, మీరు ఉండే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు పెట్టుకోవచ్చు. అందుకోసం మళ్లీ హైదరాబాద్ తిరగక్కర్లేదు. గడువు రెండేళ్లు. సేవకు మీరు చెల్లించింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. ఒక మ్యూజియం టికెట్ కోసం ఇంత తతంగం ఎందుకంటే, నిజమే, ఎవరూ పోరు. కానీ ఆ దారి ఉందని కౌంటర్ మనిషికి గుర్తుచేస్తే చాలాసార్లు అక్కడికక్కడే సర్దుకుంటుంది.

నీళ్ల బాటిల్ మీద ఉన్నదాని కంటె ఎక్కువ తీసుకుంటే?

ముద్రించిన ధర మీద ఎక్కువ తీసుకోవడం నేరం. మ్యూజియం క్యాంటీన్ అయినా, గుట్ట కింద బండి అయినా ఒకటే. తూనికలు, కొలతల శాఖకు చెప్పండి, లేదంటే అదే 1915.

బయటి తిండి వద్దని బోర్డు పెట్టడం వేరే సంగతి. 2023 జనవరిలో సినిమా హాళ్ల కేసులో సుప్రీంకోర్టు, బయటి తిండిని ఆపే అధికారం యజమానికి ఉందని చెప్పింది. మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లల తిండిని అడ్డుకోవద్దని కూడా ఆ తీర్పులోనే ఉంది. అది హాళ్ల గురించి వచ్చిన తీర్పే. కానీ మ్యూజియం గేటు దగ్గర పాలసీసా పక్కన పెట్టమంటే ఆ మాట చెప్పడానికి వెనకాడకండి. సద్దిగిన్నె మాత్రం బయట చెట్టు కింద తెరుచుకోవడమే మేలు.

ఫొటోలు, రీల్స్?

ప్రైవేటు ఆవరణలో కెమెరా మీద షరతులు పెట్టే హక్కు వాళ్లది. ఆ షరతు కనిపించేలా రాసి పెట్టడం వాళ్ల బాధ్యత. ఫొటో తీసినందుకు ఫోన్ లాక్కోవడం, పగలగొట్టడం, లోపలి ఫొటోలన్నీ చూస్తామనడం ఎవరికీ కుదరదు. తీసింది తీసేయమని అడగొచ్చు, బయటికి పొమ్మనొచ్చు, అంతవరకే. రీల్స్ తీసేవాళ్లు ఇతరుల పిల్లలు పడకుండా చూసుకోవాలి. ఫ్లాష్ వేస్తే రాయికి పెద్ద నష్టం లేదు గానీ పక్కవాళ్ల కళ్లకు ఇబ్బంది.

ముట్టుకోవచ్చా?

వద్దు.

మా నాయనకు నడువ రాదు. చక్రాల కుర్చీతోని పోనిస్తరా?

పోనివ్వాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రజలకు సేవలందించే ప్రైవేటు సంస్థలకు కూడా వర్తిస్తుంది. ర్యాంపు, మరుగుదొడ్డి, దారి చూపే గుర్తులు కేంద్రం పెట్టిన ప్రమాణాల ప్రకారం ఉండాలి. సేవలు అందించేవాళ్లకు ఆ చట్టం ఇచ్చిన రెండేళ్ల గడువు ఎప్పుడో దాటింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఈ ప్రమాణాలు 'వీలైతే చేయండి' అనే సలహాల్లా ఉంటే కుదరదని, తప్పనిసరి నిబంధనలు చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పది వేల రూపాయల దాకా జరిమానా.

కాగితం మీది మాట అది. మ్యూజియం ఉన్న నౌబత్ పహాడ్ అంటే గుట్ట, మెట్లూ ఎత్తూ పల్లమూ ఉంటాయి. పోయే ముందు రోజు ఫోన్ చేసి, వాహనం ఎంతవరకు వస్తుంది, లిఫ్ట్ ఉందా, పనిచేస్తోందా అని ఈ మూడు మాటలూ విడివిడిగా అడగండి. "అన్నీ ఉన్నాయండీ" అన్న జవాబును అలాగే వదిలేయకండి. రానివ్వకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు రాయొచ్చు. చూపు లేనివాళ్ల సంగతి ఇంకా వెనకబడి ఉంది. అసలు ఎముకలు ముట్టనీయరు సరే, ఒక తుంటి ఎముక నకలు చేసి తడిమి చూసుకోవడానికి బయట పెడితే అయ్యే ఖర్చు ఎంత? ఇలాంటి మ్యూజియం ఏదైనా చేయాల్సిన మొదటి పని అదే.

సిరోంచ దిక్కు కూడ పార్కు ఉన్నదంటరు కదా? అక్కడికి పోవచ్చునా?

వడధం శిలాజాల పార్కు. కాళేశ్వరం నుంచి గోదావరి వంతెన దాటితే సిరోంచ. అక్కడికి దగ్గరే. జగిత్యాల, కోరుట్ల వాళ్లకు హైదరాబాద్ కంటే ఇదే దగ్గర. మహారాష్ట్ర అటవీ శాఖ చూసుకుంటుంది. సిరోంచలో తెలుగు బాగా నడుస్తుంది, భాషతో ఇబ్బంది లేదు. హైదరాబాద్ మ్యూజియం లాంటి ఆర్భాటం ఆశించకండి. రాయిగా మారిన చెట్ల మొద్దులు నేల మీదే పడి ఉంటాయి. నాకైతే అద్దాల గది కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది. బెరడు గీతలు, కొమ్మ తెగిన చోటి కణుపు వేలు పెట్టి లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటాయి.

మహాలక్ష్మి ఉచిత ప్రయాణం రాష్ట్ర సరిహద్దు దాకానే. అడవి పార్కు కాబట్టి చీకటి పడక ముందే బయటపడాలి. వానాకాలంలో అయితే గోదావరి, ప్రాణహితల వరద చూసుకొని బయల్దేరండి.

అక్కడ ఒక చిన్న ముక్క జ్ఞాపకంగ తెచ్చుకుంటే ఏమైతది?

కేసు అవుతుంది. అటవీ చట్టాల లెక్కలో తేనె, బంక, వెదురు మాత్రమే కాదు, అడవిలోని రాయి, మట్టి, ఖనిజం కూడా అటవీ ఉత్పత్తే. రిజర్వు ఫారెస్టు నుంచి అనుమతి లేకుండా తీసుకుపోవడం నేరం. రాష్ట్ర సరిహద్దుకు ఇవతల తెలంగాణ అటవీ చట్టం, అవతల 1927 భారత అటవీ చట్టం. రెండింటి సారం ఒకటే. అభయారణ్యమైతే 1972 వన్యప్రాణి చట్టం కూడా తోడవుతుంది, శిక్ష ఇంకా గట్టిది. పిల్లలు జేబులో వేసుకున్న గులకరాయిని గార్డు తీసేయించి పంపిస్తాడేమో గానీ, కారు డిక్కీలో మొద్దు దొరికితే వాహనం కూడా పట్టుకుంటారు.

చుట్టాల చెల్కల ఎముక అసొంటి రాయి బయటపడ్డది. చెప్తే భూమి పోతదని భయపడుతున్నరు.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఈ భయం వల్లే ఎన్నో దొరికినవి మళ్లీ మట్టిలో కలిశాయని నా అనుమానం.

ముందు చట్టం సంగతి. మన దేశంలో శిలాజాల కోసం ప్రత్యేకంగా చట్టం లేదు. పాత విగ్రహాలకు, నాణేలకు, కోటలకు చట్టాలున్నాయి. మన జిల్లాలోనే కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు దొరికాయి. అలాంటివి దొరికితే ప్రభుత్వానికి చెప్పాల్సిందే, దాస్తే నేరం. పురావస్తువులను దేశం దాటించడాన్ని 1972లోనే వచ్చిన పురావస్తువుల చట్టం నిషేధిస్తుంది. కోట్ల ఏళ్ల ఎముక మాత్రం ఈ చట్టాల మధ్య సందులో పడిపోయింది. 2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ భూవారసత్వ స్థలాలు, భూ అవశేషాల పరిరక్షణ కోసం ముసాయిదా బిల్లు ఒకటి జనం ముందు పెట్టింది. అధికారమంతా జీఎస్ఐ చేతిలోనే పెట్టారని, విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఇబ్బంది పడతారని శాస్త్రవేత్తలే అభ్యంతరం చెప్పారు. ఇది రాసేనాటికి అది చట్టం కాలేదు.

ఇక భూమి. శిలాజం దొరికిందన్న కారణంతో పట్టా భూమిని ఎవరూ ఊరికే తీసుకోలేరు. తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం నోటీసు ఇచ్చి, పరిహారం కట్టాలి. ఆ ముసాయిదా బిల్లు కూడా భూమి కావాలంటే ఆ చట్టం దారినే పోవాలంది. చూడ్డానికి వచ్చిన అధికారి అయినా, కాలేజీ సార్ అయినా మీ అనుమతితోనే చేనులో అడుగు పెట్టాలి. పంట నిలబడి ఉంటే కోత అయ్యాక రమ్మనండి. కోట్ల ఏళ్లు ఆగిన ఎముక ఇంకో రెండు నెలలు ఆగుతుంది.

దొరికినప్పుడు చేయాల్సింది తక్కువ, చేయకూడనివే ఎక్కువ. గడ్డపారతో పెకలించొద్దు. కడగొద్దు, ఫెవికాల్ పెట్టి అతకొద్దు. ఎముక ఏ పొరలో, ఏ వాలులో పడి ఉందో అదే దాని జాతకం. ఇంటికి తెచ్చి గూట్లో పెడితే అది ఉట్టి రాయి అవుతుంది. పక్కన పెన్నో గొడ్డలో పెట్టి, ఎంత పెద్దదో తెలిసేలా ఫొటోలు తీయండి. ఫోన్‌లో లొకేషన్ పట్టుకోండి, సర్వే నంబర్ రాసుకోండి. పైన తాటాకో పట్టానో కప్పి, తహసీల్దార్‌కు, జీఎస్ఐకి రాతపూర్వకంగా తెలపండి. ఎవరైనా తీసుకుపోతామంటే తేదీ, వస్తువు వివరం, తీసుకుపోయేవాళ్ల హోదాతో కాగితం రాయించుకోండి. అది ఏ చట్టంలో ఉందని అడిగితే, ఏ చట్టంలోనూ లేదు. కానీ ఆ కాగితం లేకపోతే దొరికింది ఎవరికన్న సంగతి మాసిపోతుంది. యామనపల్లి, మలేరి ఊర్ల పేర్లు ప్రపంచంలోని శాస్త్ర పత్రికల్లోకి ఎక్కాయి. మొదట రాయిని చూపించే పశువుల కాపరి పేరు మాత్రం ఎక్కడా ఎక్కదు.

బహుమతి ఇవ్వాలన్న నియమం లేదు. అమ్ముకుందామనుకుంటే కొనేవాడు దొంగ బేరగాడే అవుతాడు.

మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో రైతులు గుండ్రటి రాళ్లను తరతరాలుగా పొలాల కాపలా దేవుడిగా కొలిచారు. అవి డైనోసార్ గుడ్లని 2023లో శాస్త్రవేత్తలు చెప్పాక పేపర్లలో వచ్చింది. మన పొలం గట్ల మీద పోచమ్మ దగ్గర పసుపు కుంకుమలతో ఉన్న రాళ్లలో ఏమున్నాయో ఎవరు చూశారు? చూడాలనుకునేవాళ్లు కూడా ముందు ఆ ఇంటి పెద్దను అడిగి, చెప్పులు బయట విడిచి చూడాలి.

ఆన్‌లైన్‌ల డైనోసార్ పన్ను, గుడ్డు అమ్ముతున్నరు. కొనొచ్చా?

ఎక్కువ భాగం ప్లాస్టర్ పోతపోసినవి. నిజమైనదైతే దొంగిలించినది అయ్యే అవకాశమే ఎక్కువ. రెండు రకాలుగానూ డబ్బు దండుగ.

గా ఎముకల్ని మా దిక్కు తెచ్చి మ్యూజియం పెట్టుమని అడుగొచ్చా?

హక్కుగా అడిగే చట్టం లేదు. డిమాండ్‌గా అడగొచ్చు, అడగాలి కూడా. గుజరాత్‌లో బాలాసినోర్ దగ్గర రయియోలి అనే పల్లెలో డైనోసార్ గుడ్లు, ఎముకలు దొరికాయి. అక్కడే పార్కు కట్టి, 2019లో మ్యూజియం తెరిచారు. ఇప్పుడు ఆ ఊరికి జనం బస్సులేసుకొని వస్తున్నారు. మన జంతువుల్లో ఒకటి హైదరాబాద్ పోయింది, ఒకటి కలకత్తా పోయింది. ప్రాణహిత ఒడ్డు పిల్లవాడు తన ఊరి జంతువును చూడాలంటే రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు పోవాలి. అన్ని ఎముకలూ తిరిగి రావాలని నేను అనను. వాటిని సరైన తేమలో, భద్రంగా ఉంచే ఏర్పాటు జిల్లా కేంద్రాల్లో లేదు. మంచి నకలు ఒకటి, తవ్విన చోటి మ్యాపు, తెలుగులో వివరాల బోర్డులు పెట్టడానికి మాత్రం ఏ అడ్డమూ లేదు.

మొదటి మెట్టు సమాచారం. మ్యూజియం ప్రైవేటుదైనా జీఎస్ఐ కేంద్ర ప్రభుత్వ సంస్థ, సమాచార హక్కు చట్టం దానికి వర్తిస్తుంది. పది రూపాయల ఫీజు, కేంద్ర ఆర్టీఐ పోర్టల్‌లో ఇంటి నుంచే కట్టొచ్చు. తెల్లకార్డు వాళ్లకు ఫీజు లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, అరకొరగా వచ్చినా మరో ముప్పై రోజుల్లో అదే సంస్థలో మొదటి అప్పీలు వేయొచ్చు. ప్రశ్న "ఎందుకు" అని కాకుండా "ఎన్ని, ఎక్కడ, ఏ కాగితం" అని ఉండాలి. ఇలా రాయండి:

"యామనపల్లి తవ్వకాల్లో దొరికిన ఎముకల్లో ఇప్పుడు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి? ఏ భవనంలో ఉన్నాయి? బిర్లా మ్యూజియంకు ఇచ్చినవి ఏవి? ఏ తేదీన, ఏ షరతుల మీద ఇచ్చారు? ఆ ఒప్పందం ప్రతి ఇవ్వండి. ఆ ఊరికి లేదా జిల్లాకు నకలు ఇవ్వాలన్న ప్రతిపాదన ఏదైనా వచ్చిందా? వస్తే దాని ఫైలు ప్రతి ఇవ్వండి."

ప్రతులకు పేజీకి రెండు రూపాయలు అడుగుతారు.